మన స్కూటరుకు ఏ పెట్రోలు?

ఉయ్యాలవాడ నుంచి కోవెలకుంట్లకు వెళ్లినా, ఆళ్లగడ్డకు వెళ్లినా, నంద్యాలకు వెళ్లినా పెట్రోలు బంకులో మనకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది: “నార్మలా, పవరా?” స్కూటరు ఎక్కిన చాలామంది ఈ ప్రశ్నకు క్షణంలో జవాబు చెప్పేస్తారు. కొత్త బండి కొన్నవారు, దానికి మేలు చేయాలన్న మమకారంతో ఖరీదైనదే పోయమంటారు. మరికొందరు ఏది చవకైతే అది పోయమని, బండికి ఏదో అన్యాయం చేస్తున్నామన్న బెంగతో ఇంటికి వస్తారు. నేడు మన ఇళ్లలో స్కూటరు కేవలం మగవారి వాహనం కాదు. కాలేజీకి వెళ్లే అమ్మాయిలు, పిల్లలను బడిలో దింపే తల్లులు, ఉద్యోగాలకు వెళ్లే సోదరీమణులు దాని మీదే తిరుగుతున్నారు. నెల ఖర్చులో పెట్రోలు ఇప్పుడు బియ్యం, పాల సరసన చేరింది. కనుక బంకులోని ఆ ప్రశ్నకు తెలిసి జవాబు చెప్పడం అవసరం.

బంకులో 95, 97, 100 అని బోర్డుల మీద కనిపించే అంకెలు పెట్రోలు శక్తిని తెలుపుతాయని చాలామంది భావిస్తారు. ఇది నిజం కాదు. ఆ అంకె ఆక్టేన్ సంఖ్య. ఇంజిన్‌లో పిస్టన్ పైకి వచ్చి, గాలి, పెట్రోలు కలిసిన ఆవిరిని గట్టిగా నొక్కుతుంది. అప్పుడు ప్లగ్గు నిప్పురవ్వ ఇస్తుంది, మంట మొదలవుతుంది. ఆ మంట చేరకముందే మిగిలిన ఆవిరి ఒత్తిడికి, వేడికి తనంతట తానే భగ్గున అంటుకుంటే ఇంజిన్‌లో టకటకమని చప్పుడు వస్తుంది. మెకానిక్కులు దీన్నే ‘నాకింగ్’ అంటారు. ఈ అకాల దహనాన్ని తట్టుకునే ఓర్పు పెట్రోలుకు ఎంత ఉందో తెలిపే కొలతే ఆక్టేన్. ఐసో ఆక్టేన్ అనే ద్రవానికి 100, హెప్టేన్ అనే ద్రవానికి సున్నా అని శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. పెట్రోలు 95 అంటే, ఐసో ఆక్టేన్ 95 పాళ్లు, హెప్టేన్ 5 పాళ్లు కలిపిన మిశ్రమం ఎంత ఓర్చుకుంటుందో ఆ పెట్రోలు అంత ఓర్చుకుంటుందని అర్థం. అంతకుమించి అందులో బలం ఏమీ లేదు.

ఆ ఓర్పు ఎంత కావాలన్నది ఇంజిన్‌ను బట్టి ఉంటుంది. పిస్టన్ ఆవిరిని ఎన్నో వంతుకు నొక్కుతుందో దాన్ని సంపీడన నిష్పత్తి అంటారు. మనం వాడే 110, 125 సీసీ స్కూటర్లలో ఇది సుమారు తొమ్మిది, పది రెట్లు మాత్రమే. పన్నెండు, పదమూడు రెట్లు నొక్కే స్పోర్ట్స్ బైకులకు ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పనికివస్తుంది. మన స్కూటరులో అదే పోస్తే, దానికి ఆ అదనపు ఓర్పు అవసరం రానే రాదు. అవసరం లేనిదానికి ధర చెల్లించినట్లవుతుంది.

ఇక్కడ మరో విషయం ఉంది. ఇది తెలిసినవారు తక్కువ. మన దేశంలో సాధారణ పెట్రోలు ఆక్టేన్ ఒకప్పుడు 88 ఉండేదని, తర్వాత బీఎస్6 దశలో 91కి చేరిందని, 20 శాతం ఇథనాల్ కలపడంతో ఇప్పుడు 95కు పెరిగిందని కేంద్ర పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో వివరించింది. అంటే ‘95’ అన్న అంకె కోసమే లీటరుకు అదనంగా డబ్బు ఇచ్చేవారు, ఆ శాఖ మాట ప్రకారం, సాధారణ పైపులోనే వస్తున్న గుణానికి రెండోసారి ధర కడుతున్నారు. ప్రీమియం పెట్రోలులో ఇంజిన్ లోపలి మసిని తొలగించే రసాయనాలు కలుపుతామని సంస్థలు చెబుతాయి, అది వేరే సంగతి. మసి కోసం కొనాలనుకునేవారు మసి కోసమే కొనాలి, ఆక్టేన్ కోసం కాదు.

లెక్క చూద్దాం. లీటరుకు ఏడు రూపాయలు ఎక్కువ అనుకుంటే, నెలకు 20 లీటర్లు పోయించే ఇంటికి 140 రూపాయలు, సంవత్సరానికి 1680 రూపాయలు అదనం. స్కూటరుకు ఒక కొత్త టైరు ఆ డబ్బుతో వస్తుంది. అరిగిన టైరు మీద తిరుగుతూ ఖరీదైన పెట్రోలు పోయించే ఇళ్లు నాకు తెలుసు. ప్రవహించే నది ఒడ్డున వుజూ చేసినా నీటిని వృథా చేయరాదని మనకు బోధ ఉంది. కుందూ ఒడ్డున పుట్టిన మనకు దాని అర్థం వేరే చెప్పనక్కరలేదు. ఇస్రాఫ్ అంటే పెళ్లి భోజనాలలో పారబోసే బిర్యానీ ఒక్కటే కాదు.

ఈ ఆక్టేన్ కథకు కొంత చరిత్ర ఉంది. 1920ల నుంచి పెట్రోలు ఓర్పును పెంచడానికి సీసం కలిపేవారు. ఆ పొగ పిల్లల మెదడుకు హాని చేస్తుందని తేలాక, లోకం మెల్లగా దాన్ని వదిలేసింది. మన దేశం 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం లేని పెట్రోలుకు మారింది. వాహనాల పెట్రోలులో సీసాన్ని చివరిగా మానిన దేశం అల్జీరియా, 2021 జూలైలో. ఆనాడు సీసం చేసిన పనిలో కొంత భాగాన్ని ఇప్పుడు ఇథనాల్ చేస్తోంది.

ఇథనాల్ పేరు వినగానే మన సమాజంలో మరో ప్రశ్న తలెత్తుతుంది. “హజ్రత్, పెట్రోలులో సారాయి కలుపుతున్నారట. అది చేతికి, బట్టలకు అంటితే నమాజు చెల్లుతుందా?” అని పెద్దలూ పిల్లలూ అడుగుతున్నారు. ఈ ప్రశ్నను చూసి నవ్వవలసిన పని లేదు. దీన్ పట్ల జాగ్రత్త ఉన్నవాడే అడుగుతాడు. పెట్రోలులో కలిపే ఇథనాల్ తాగడానికి చేసినది కాదు, ఎవరూ తాగేదీ కాదు. మన దేశంలో దీన్ని చెరకు రసం, మొలాసిస్, మొక్కజొన్న, నూకలు, పాడైన ధాన్యం నుంచి తీస్తారు. ద్రాక్ష, ఖర్జూరాల నుంచి తీసిన మద్యానికీ, ఇతర పదార్థాల నుంచి తీసిన ఆల్కహాల్‌కూ అశుద్ధత విషయంలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) భేదం చూపారు. ముఫ్తీ ముహమ్మద్ తకీ ఉస్మానీ వంటి ఈ కాలపు విద్వాంసులు అత్తర్లు, ఔషధాల విషయంలో దీన్నే ఆధారం చేసుకున్నారు. ఇతర మజ్‌హబ్‌లలో దీనికన్నా కఠినమైన అభిప్రాయం ఉంది. కాబట్టి బండిలో ఈ పెట్రోలు వాడడం గురించి కలత అవసరం లేదు. బట్ట మీద పడితే కడుక్కొని నమాజు చేసుకోవడం జాగ్రత్తపరులకు మేలు. పెట్రోలు వాసనతో మస్జిదులో పక్కవారిని ఇబ్బంది పెట్టకుండా ఉండడానికైనా అది మంచిదే.

నాకు ఇంతకన్నా బరువైన ప్రశ్న మరొకటి కనిపిస్తుంది. మనుషులు, పశువులు తినే మొక్కజొన్న, నూకలు బండ్ల ఇంధనానికి పోతున్నాయి. రైతుకు ధర వస్తోందన్నది ఒక పక్క, కోళ్ల దాణా ఖరీదు పెరుగుతుందన్నది మరో పక్క. తెలంగాణలో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రజలు 2024 నవంబరులో ఇథనాల్ కర్మాగారం వద్దని రోడ్డెక్కారు. ఈ చర్చను ఇక్కడ ముగించలేము. అయితే బంకులో మనకు ఎంపిక లేదన్నది వాస్తవం. ఇథనాల్ లేని పెట్రోలును కూడా అందుబాటులో ఉంచాలని వేసిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టివేసింది. ప్రీమియం అన్న పేరు ఉన్నంత మాత్రాన అందులో ఇథనాల్ ఉండదని కూడా అనుకోరాదు.

మైలేజీ తగ్గిందన్న ఫిర్యాదులో నిజం కొంత, అతిశయోక్తి కొంత ఉంది. ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కన్నా సుమారు మూడో వంతు తక్కువ. పాత పెట్రోలుకు తయారై, 10 శాతం ఇథనాల్‌కు సరిచేసిన ద్విచక్ర వాహనాలలో 20 శాతం ఇథనాల్ వాడితే మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన నివేదిక అంచనా వేసింది. 45 కిలోమీటర్లు ఇచ్చే స్కూటరు అయితే ఒకటిన్నర, రెండు కిలోమీటర్లు తగ్గుతుందన్నమాట. పది కిలోమీటర్లు తగ్గితే దోషం వేరే చోట వెతకాలి. టైర్లలో గాలి, దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరు, పట్టేసిన బ్రేకు, మార్చని ఇంజిన్ ఆయిల్ చూడాలి. మన నల్లరేగడి దారుల దుమ్ముకు ఎయిర్ ఫిల్టరు ఎంత త్వరగా మూసుకుపోతుందో మెకానిక్కును అడిగితే చూపిస్తాడు.

2023 ఏప్రిల్ తర్వాత తయారైన స్కూటర్ల విడిభాగాలు 20 శాతం ఇథనాల్‌కు తట్టుకునేలా చేశారు. బండితో ఇచ్చిన పుస్తకంలోనో, పెట్రోలు మూత దగ్గరో ‘ఇ20’ అని ఉందేమో చూడండి. ఆ పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా బీరువాలో దాచేవారే ఎక్కువ. ఏ పెట్రోలు పోయాలో దానిలో ఒక్క వాక్యంలో ఉంటుంది. అంతకన్నా పాత బండ్లలో కార్బురేటరు గాస్కెట్లు, రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కు మెత్తబడడం, పగలడం జరగవచ్చు. కొన్ని పాత వాహనాలలో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక వీటిని మార్చవలసి రావచ్చని ప్రభుత్వమే చెప్పింది. ఖర్చు పెద్దది కాదు. పెట్రోలు వాసన వస్తున్నా, గొట్టం చెమర్చినా వాయిదా వేయకండి. అది మైలేజీకి కాదు, నిప్పుకు సంబంధించిన మాట. ఇంకా బజాజ్ చేతక్ నడుపుతున్న పెద్దలు లేకపోలేదు. ఆ టూ స్ట్రోక్ బండికి లీటరుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలపాలి. ఆ ఆయిల్‌ను మామూలు ఫోర్ స్ట్రోక్ స్కూటరు ట్యాంకులో పోయరాదు.

పెట్రోలు గ్రేడు కన్నా పెట్రోలు శుద్ధి ముఖ్యం. కిరోసిన్ కలిపితే ఆక్టేన్ పడిపోతుంది. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమల ఘాటు ఎక్కేటప్పుడు బండి టకటకమంటే ముందు అనుమానించవలసింది ఇదే. అనుమానం వస్తే ఫిల్టరు కాగితం అడిగే హక్కు మనకు ఉంది. కాగితం మీద ఒక చుక్క వేస్తే కాసేపటికి మరక లేకుండా ఆవిరైపోవాలి. కొలత మీద సందేహం ఉంటే, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల పాత్రతో కొలిచి చూపమనవచ్చు. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల కన్నా ఎక్కువ తేడా రాకూడదు. కొలతలలో మోసం చేసేవారి గురించి ఖుర్ఆన్‌లో ముతఫ్ఫిఫీన్ అనే సూరా పేరే ఉందని మదర్సాలో మొదటి ఏటి పిల్లవాడికీ తెలుసు. మన హక్కు అడగడం గొడవ కాదు. గట్టిగా కాకుండా మర్యాదగా అడిగితే చాలు. మీటరు సున్నా చూసి పోయించుకోవడం సోదరీమణులు మొహమాటపడి మానేస్తుంటారు, మొహమాటపడకండి. పల్లె దారుల్లో ప్లాస్టిక్ సీసాలలో అమ్మే పెట్రోలుకు మాత్రం దూరంగా ఉండాలి. అందులో ఏముందో, ఎన్నాళ్లుగా ఉందో ఎవరూ చెప్పలేరు. ఇంట్లో వంటగది పక్కన అటువంటి సీసా పెట్టుకోవడం మరీ ప్రమాదం.

మరొక్క విషయం. మన ప్రాంతంలో కొడుకు కువైట్‌కో సౌదీకో వెళ్లి, బండి ఏడాదిపాటు వరండాలో నిలిచిపోయే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్ దానితో కలిసి ట్యాంకు అడుగుకు చేరుతుంది, పెట్రోలు పైన నిలుస్తుంది. ఇంజిన్‌కు మొదట అందేది ఆ అడుగు నీరే. వాన కాలంలో ఇది మరింత సులభంగా జరుగుతుంది. నెలల తరబడి బండి తీయకపోతే వెళ్లేముందే ట్యాంకు ఖాళీ చేయించాలి. ఇంట్లో ఎవరైనా ఉంటే, వారానికోసారి తీసి నాలుగు కిలోమీటర్లు తిప్పమని చెప్పాలి. తిరిగి వచ్చాక పాత పెట్రోలు ఉండిపోయి ఉంటే దాన్నే నడిపి చూద్దామనుకోకుండా, మెకానిక్కుతో తీయించి, కొత్తది పోసి, ప్లగ్గు తుడిపించి అప్పుడు బండి స్టార్ట్ చేయాలి.