ఈత – మేలు, మెలకువ

చేపపిల్లకు ఈత పుట్టుకతోనే వస్తుంది. మనిషి మాత్రం నేర్చుకోవాలి. ఒకసారి పట్టుబడిన ఈతను జీవితాంతం మరచిపోవడం ఉండదు. ఈత మంచి వ్యాయామం, చక్కని వినోదం. అంతకంటె ముఖ్యంగా అది ప్రాణాన్ని కాపాడే విద్య.

తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల పాదాన రాజపాళయం ఉన్నది. తరతరాల క్రిందట ఆంధ్రదేశం నుండి తరలివచ్చిన కుటుంబాలవారు ఈ ఊరిలో నేటికీ ఇంట తెలుగు మాట్లాడుతారు. ఊరికి పడమట అడవిలో అయ్యనార్ కోవెల, దాని చెంత పారే కొండయేరు ఉన్నాయి. మైదానంలో కణ్మాయి అని తమిళులు పిలిచే చెరువులు, పొలాల నడుమ పెద్ద బావులు ఉన్నాయి. ఆరవ మైలు వద్దనున్న జలాశయం మాత్రం పట్టణానికి త్రాగునీరు ఇచ్చేది. కనుక అది ఈతకు తగిన చోటు కాదు. బావి, చెరువు, ఏరు – మూడింటిలోనూ ఉన్నవి నీళ్ళే. కాని మూడింటి తీరూ ఒకటి కాదు. ఈ తేడా తెలిసినవాడే నిజమైన ఈతగాడు.

ఈత వలన కలిగే మేలు చాలా ఉన్నది. నీరు గాలికంటె ఇంచుమించు ఎనిమిది వందల రెట్లు చిక్కనిది. దానిని త్రోసుకొంటూ పోవడంలో చేతులు, కాళ్ళు, వీపు, పొట్ట అన్నింటి కండరాలూ పనిచేస్తాయి. గుండెకు, ఊపిరితిత్తులకు బలం కలుగుతుంది. నీరు శరీర భారాన్ని మోస్తుంది గనుక, పరుగెత్తినప్పటివలె మోకాళ్ళపై ఒత్తిడి పడదు. అందుచేత పిల్లలకే కాక వృద్ధులకూ ఇది తగిన వ్యాయామం. చెట్లనీడన, చల్లని నీటిలో కొంతసేపు ఈదినవారికి మనసు తేటపడుతుంది.

పల్లెలలో పిల్లలు ఎక్కువగా బావిలోనే ఈత నేర్చుకొంటారు. ఎండిన సొరబుర్రను నడుముకు కట్టి నేర్పే పద్ధతి పాతది. బుర్రలోని గాలి మనిషిని తేలుస్తుంది. ఊపిరి నిండా పీల్చినప్పుడు రొమ్ములోని గాలి చేసే పనీ అదే. భయపడి చేతులు పైకెత్తినవాడు మునుగుతాడు. వెల్లకిలా పడుకొని చెవులదాకా నీటిలో ఉంచినవాడు తేలుతాడు. అందువలన మొదట నేర్వవలసినది వేగంగా ఈదడం కాదు, నిశ్చలంగా తేలడం. బావిలో ప్రవాహం లేదు. కాని గోడ నిట్టనిలువుగా ఉంటుంది, పట్టు దొరకదు. మెట్లు లేని బావిలో దిగరాదు. అడుగున రాయి ఉన్నదో, నీరు ఎంత తగ్గినదో తెలియకుండ తలక్రిందుగా దూకితే మెడ విరుగుతుంది.

చెరువు నీరు కదలక ప్రశాంతంగా కనబడుతుంది. అయితే దాని అడుగు సమంగా ఉండదు. మట్టి తవ్వుకొన్న చోట గోతులు పడి, వాన రాగానే నీటిలో దాగిపోతాయి. మోకాటిలోతు నీటిలో నడచేవాడు మరుక్షణం తలమునకలు కావచ్చు. బురద కాళ్ళను పట్టుకొంటుంది. తామరతీగలు చుట్టుకొంటాయి. తూము తెరచినప్పుడు దాని దగ్గర నీరు లోపలికి లాగుతుంది. అలుగు పారేటప్పుడు దాని దాపున నిలువరాదు.

అన్నింటికంటె మోసకరమైనది కొండయేరు. ఊరిలో ఎండ కాస్తూ ఉండగానే కొండపై వాన కురియవచ్చు. ఆ నీరంతా ఇరుకైన లోయలో చేరి ఒక్కసారిగా దిగుతుంది. ప్రవాహవేగం రెండింతలైతే దాని త్రోపు నాలుగింతలు అవుతుంది. అందుచేతనే మోకాటిలోతు వరద సైతం బలశాలిని పడగొట్టగలదు. 2024 మే 17వ తేదీన రాజపాళయానికి దక్షిణాననున్న పాత కుర్తాళం జలపాతంలో హఠాత్తుగా వరద వచ్చినది. స్నానం చేస్తున్నవారు పరుగులు తీశారు. పదిహేడేండ్ల విద్యార్థి ఒకడు కొట్టుకొనిపోయి మరణించాడు. అది నడివేసవి.

వరద ముందుగా కొన్ని గుర్తులు చూపుతుంది. తేటనీరు ఎర్రబారుతుంది. ఆకులు, పుల్లలు కొట్టుకొని వస్తాయి. ఎగువనుండి హోరు వినబడుతుంది. వీటిలో ఒక్కటి కనబడినా బట్టలకోసం, చెప్పులకోసం ఆగక గట్టెక్కాలి. కొండలపై మబ్బు క్రమ్మినప్పుడు, ముఖ్యంగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు, ఏటిలో దిగకపోవడమే మేలు. అటవీశాఖవారు వద్దన్న రోజున వెనుదిరగడం పిరికితనం కాదు.

నీటి శుభ్రతనూ గమనించాలి. పాచి పట్టిన నీటిలో, మురుగు కలిసే చోట ఈదరాదు. ఒంటిపై పుండ్లు ఉంటే నీటిలో దిగరాదు. ఎలుకల మూత్రం కలిసిన నీటివలన జ్వరం సోకుతుంది. కనుమల కవతలనున్న కేరళలో 2024, 2025 సంవత్సరాలలో కొందరికి ముక్కుగుండా చేరిన నీటిలోని అమీబా వలన మెదడువ్యాధి వచ్చినది. ఇది అరుదైనదే అయినా ప్రాణాంతకం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో దాదాపు మూడు లక్షలమంది నీట మునిగి మరణించారు. మునిగేవాడు కేకలు వేస్తాడని చాలామంది అనుకొంటారు. నిజానికి ఊపిరికే సమయం చాలదు, ఇక కేక ఎక్కడిది? అతడు నిశ్శబ్దంగా మునిగిపోతాడు. కనుక ఒంటరిగా ఈదరాదు. ఈత తెలిసిన పెద్దలు గట్టుననుండి కనిపెట్టి ఉండాలి.

ఎవరైన మునుగుతుంటే పిల్లలు వెంటనే దూకరాదు. ప్రాణభయంతో ఉన్నవాడు కాపాడవచ్చినవానిని కూడ క్రిందికి లాగుతాడు. కేకవేసి పెద్దలను పిలవాలి. గట్టున పడుకొని పొడవైన కర్ర అందించాలి. త్రాడుగాని, పంచెగాని, మూతి బిగించిన ఖాళీ డబ్బాగాని విసరాలి. బయటికి తీసినవానిని భుజాన వేసి గిరగిర త్రిప్పడం, పొట్ట నొక్కడం తప్పు. దానివలన విలువైన సమయం పోతుంది. ఊపిరి ఆడకపోతే శిక్షణ పొందినవారు వెంటనే నోటిద్వారా ఊపిరి ఊది, రొమ్ము నడుమ నొక్కాలి. అంతలో మరొకరు 108కి ఫోను చేయాలి.

'దిగితేగాని లోతు తెలియదు' అని సామెత. అది పనికి జంకేవారికి ధైర్యం చెప్పడానికి పుట్టిన మాట. నీటి విషయంలో మాత్రం లోతు తెలిసిన తరువాతనే దిగాలి. అట్లు దిగినవారికి బావి బడి అవుతుంది, చెరువు ఆటస్థలం అవుతుంది, ఏరు నేస్తం అవుతుంది.