దాదా బండికి మళ్లీ ప్రాణం పోయాలంటే.. ముందు కాగితం, తర్వాత బ్రేకు, చివరికే రంగు

బోధన్: చెరకు, షుగర్ ఫ్యాక్టరీ, గల్ఫ్. బోధన్ చుట్టుపక్కల చాలా ఇళ్ల కథ ఈ మూడింటి చుట్టే తిరుగుతుంది. ఆ ఇళ్లకు వచ్చిన మొదటి మోటార్ సైకిల్ కథ కూడా అంతే. ఫ్యాక్టరీ జీతంలో మిగిల్చిన డబ్బుతోనో, చెరకు బిల్లు చేతికి వచ్చినప్పుడో, దుబాయ్ నుంచో జిద్దా నుంచో అబ్బా పంపిన పైసలతోనో కొన్న రాజ్‌దూత్, యెజ్డీ, బుల్లెట్, ఆర్‌ఎక్స్ 100, సీడీ 100 బండ్లు అవి.

1937లో ఏర్పడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా 2002లో ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో మిల్లు మూతపడింది. ఫ్యాక్టరీ ఆగింది, దాదా పోయారు, బండి మాత్రం పాత చాదర్ కప్పుకుని గోడ పక్కన ఉంది. ఇప్పుడు ఫోన్‌లో వీడియోలు చూసిన మనవడు దాన్ని బయటికి తీసి కొత్తగా చేస్తానంటున్నాడు.

మంచి శౌఖే. పని నేర్పుతుంది, యాద్గార్ నిలుస్తుంది. కానీ చాలామంది వెనక నుంచి మొదలుపెడతారు. ముందు రంగు కొట్టిస్తారు, తర్వాత ఇంజిన్ సంగతి చూస్తారు, చివర్లో కాగితాలు వెతుకుతారు. అప్పటికి డబ్బు అయిపోతుంది, బండి రోడ్డెక్కదు. అందుకే వరుస ముఖ్యం.

మొదటి పని: కాగితాలు

స్పానర్ పట్టుకోకముందే ఆర్సీ వెతకాలి. దాని మీద ఉన్న ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో సరిపోవాలి. తుప్పు పట్టి కనిపించకపోతే మెల్లగా బట్టతో, కిరోసిన్‌తో తుడవాలి. పలుచని కాగితం పెట్టి పెన్సిల్ రుద్దితే అంకెలు దిగుతాయి. ఆ పెన్సిల్ ప్రింట్ జాగ్రత్తగా దాచుకోవాలి. నంబరు మీద గ్రైండర్ పెట్టడం, ఆకురాయితో రాయడం, మళ్లీ కొట్టించడం చేయకూడదు. నంబరు చెరిగిన బండిని ఎవరైనా దొంగ బండి అనే అనుకుంటారు.

ఆర్సీ పోతే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఫారం 26తో డూప్లికేట్ ఆర్సీకి దరఖాస్తు చేయొచ్చు. పాత బండి వివరాలు ఆన్‌లైన్‌లో కనిపించకపోతే పెన్సిల్ ప్రింట్ తీసుకుని రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి అడగాలి.

బండి దాదా పేరునో, అబ్బా పేరునో ఉండి ఆయన ఇంతకాలం క్రితమే చనిపోయి ఉంటే ఇంకో మెట్టు ఉంది. యజమాని చనిపోయిన 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలపాలి, మూడు నెలల్లోగా ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. ఇది నిబంధన. ఏళ్లు గడిచిపోయినా అదే దారిలో వెళ్లాలి, ఆలస్యానికి ఏం కట్టాలో అక్కడ తెలుసుకోవాలి. మరణ ధ్రువీకరణ పత్రంతో పాటు మిగతా వారసుల సమ్మతి కూడా అడుగుతారు.

ఇది ఆఫీసు సంగతి మాత్రమే కాదు. బండి కూడా తర్కాలో భాగమే. ఎవరు శుభ్రం చేస్తే వాళ్లది అయిపోదు. దాదీ, ఫుప్పూలు, చాచాలు అందరికీ అందులో హక్కు ఉండొచ్చు. పాత ఇనుము అనుకున్న రోజు ఎవరూ మాట్లాడరు. ఆర్‌ఎక్స్ 100కు మంచి రేటు పలుకుతోందని తెలిసిన రోజు మాటలు మొదలవుతాయి. విప్పకముందే అందరినీ కూర్చోబెట్టి అడిగి, రాయించుకుంటే బండీ మిగులుతుంది, బంధుత్వమూ మిగులుతుంది.

రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత ఫారం 25తో దరఖాస్తు చేసి, బండిని తనిఖీకి చూపిస్తే ఐదేళ్లకు పొడిగిస్తారు. 2025 ఆగస్టులో కేంద్రం మార్చిన రేట్ల ప్రకారం 20 ఏళ్లు దాటిన మోటార్ సైకిల్ రెన్యువల్ ఫీజు 2,000 రూపాయలు. దీనికి తోడు గ్రీన్ ట్యాక్స్, ఆలస్య రుసుము ఉంటాయి. ఇన్సూరెన్స్, పీయూసీ వేరు. మొత్తం ఎంతవుతుందో ముందే లెక్క రాయించుకుంటే, బండి మీద ఎంత పెట్టొచ్చో తెలుస్తుంది.

అసలు కాగితాలే లేని బండి బయట చవకగా దొరికిందంటే అది చవక కాదు. దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఏ బండికి ఏ స్వభావం

బండి ఏదో తెలిస్తే పని సగం తెలిసినట్టే.

రాజ్‌దూత్, యెజ్డీ, ఆర్‌ఎక్స్ 100 మూడూ టూ స్ట్రోక్ బండ్లు. వాటికి పెట్రోల్‌తో పాటు 2టీ ఆయిల్ అందాలి. ఆయిల్ తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ వస్తుంది, ప్లగ్ మసిబారుతుంది. మాన్యువల్‌లో చెప్పిన పాళ్లే వాడాలి. 25కు 1 పాలు అంటే లీటరు పెట్రోల్‌కు 40 మిల్లీలీటర్లు, 20కి 1 అంటే 50 మిల్లీలీటర్లు.

యెజ్డీని మైసూరులో ఐడియల్ జావా కంపెనీ తయారు చేసింది, 1996లో తయారీ ఆగింది. కిక్ రాడ్డే గేర్ రాడ్‌గా పనిచేయడం దాని ప్రత్యేకత. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. 98 సీసీయే అయినా బరువు తక్కువ, పికప్ ఎక్కువ. దాని మోజుకీ, దాంతో జరిగే ప్రమాదాలకీ కారణం అదే.

బుల్లెట్, సీడీ 100 ఫోర్ స్ట్రోక్. వాటి ఇంజిన్ ఆయిల్ వేరుగా ఉంటుంది. పాత బుల్లెట్‌లో గేర్ కుడి కాలి వైపు, బ్రేక్ ఎడమ కాలి వైపు ఉంటాయి. ఇప్పటి బండి అలవాటైన కుర్రాడు కంగారులో బ్రేక్ అనుకుని గేర్ తొక్కేస్తాడు. ముందు ఖాళీ మైదానంలో కాలికి అలవాటు చేసుకోవాలి.

విప్పేటప్పుడు

ఒక్కో భాగం విప్పకముందు ఫోన్‌లో రెండు మూడు వైపుల నుంచి ఫొటో తీయాలి. ముఖ్యంగా వైరింగ్, కేబుళ్లు పోయే దారి. బోల్టులన్నీ ఒకే డబ్బాలో వేస్తే తర్వాత ఏడవాల్సిందే. క్లచ్ వైపువి ఒక డబ్బా, కార్బురేటర్‌వి ఒక డబ్బా పెట్టి, మీద చీటీ అంటించాలి. పాత సామాను పారేయకూడదు. కొత్త భాగం కొనేటప్పుడు కొలతకు అదే చూపించాలి. పైగా పాత కంపెనీ భాగం బాగు చేయగలిగితే, బజార్లో దొరికే నకిలీ కొత్తదానికంటే మేలు.

సామాను కోసం నిజామాబాద్‌లో దొరకనిది హైదరాబాద్ పుత్లీబౌలీ, రాణీగంజ్ వైపు వెతుకుతారు. అక్కడా లేకపోతే ఢిల్లీ కరోల్‌బాగ్ నుంచి తెప్పించుకుంటారు.

ముందు ఆగాలి, తర్వాతే నడవాలి

ఇంజిన్ మోగిన రోజు ఇల్లంతా సంతోషమే. కానీ ఆగలేని బండి నడవకూడదు. అందుకే బ్రేకులు, టైర్లు ముందు.

టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది. 2419 అంటే 2019లో 24వ వారంలో తయారైనదని అర్థం. గుర్తు నాలుగంకెల్లో లేదంటే ఆ టైరు 2000కు ముందుది. గీతలు ఎంత బాగా కనిపించినా రబ్బరు ఎండి పగిలిన టైరు తీసేయాల్సిందే. ట్యూబ్ కూడా మార్చాలి.

బ్రేక్ డ్రమ్ విప్పాక లోపలి ధూళిని నోటితో ఊదకూడదు, గాలి కొట్టకూడదు. పాత బ్రేక్ షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకు హాని. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పడేయాలి. షూలు, బ్రేక్ కేబుల్, క్లచ్ కేబుల్, చైన్ సెట్ కొత్తవి వేసుకోవడం దండగ ఖర్చు కాదు.

ఇంజిన్, ట్యాంకు, ఇప్పటి పెట్రోలు

ఏళ్లుగా నిలబడ్డ బండికి ఒక్కసారిగా కిక్ కొట్టకూడదు. ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో నాలుగు చుక్కల ఆయిల్ వేసి ఒక రాత్రి వదిలేయాలి. మర్నాడు టాప్ గేర్‌లో వేసి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాలి. పిస్టన్ కదిలితే మంచిది. కదలకపోతే బలవంతం వద్దు, విప్పాల్సిందే. ఆ తర్వాత కార్బురేటర్ విప్పి జెట్లు శుభ్రం చేయడం, ప్లగ్ మార్చడం, పాయింట్ల గ్యాప్ చూడటం ఓపికుంటే ఇంట్లోనే అవుతాయి.

ట్యాంకులో పాత పెట్రోలు మొత్తం ఆరుబయట తీసేయాలి. దగ్గర్లో పొయ్యి, సిగరెట్ ఉండకూడదు. కడిగి ఆరబెట్టాక లోపల తుప్పు ఉంటే వెనిగర్ పోసి ఒక రాత్రి నానబెట్టి, తర్వాత వంట సోడా నీళ్లతో కడిగి, వెంటనే ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. ట్యాంకుకు చిల్లు ఉంటే ఇంట్లో వెల్డింగ్ అస్సలు చేయకూడదు. ఖాళీ ట్యాంకులోనూ పెట్రోలు ఆవిరి మిగిలి ఉంటుంది, అది పేలుతుంది.

ఇప్పటి పెట్రోల్‌తో ఇంకో చిక్కు ఉంది. దేశంలో ఇప్పుడు అమ్మే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. అందులో చాలా భాగం చెరకు నుంచి, ధాన్యం నుంచి వచ్చేదే. చెరకు ఊరి వాళ్లకు ఈ మాట కొత్త కాదు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరును మెత్తబరుస్తుంది. 1980ల బండ్లను ఈ పెట్రోలు కోసం తయారు చేయలేదు. అందుకే పెట్రోల్ పైపు, కార్బురేటర్ లోపలి రబ్బరు వాషర్లు ఇథనాల్‌ను తట్టుకునే కొత్తవి వేయాలి. బండిని నెలల తరబడి నిలపాల్సి వస్తే పెట్రోలు తీసేయాలి.

సిలిండర్ బోర్ కొట్టించడం, క్రాంక్ సరిచేయడం, వీల్ బెండు తీయడం ఇంటి పని కాదు. అవి లేత్ మెషిన్, అనుభవం ఉన్న ఉస్తాద్ చేయాల్సిన పనులు. కానీ కుర్రాడు ఆయన పక్కన నిలబడి చూడాలి, వీలైతే ఆయన చేతికి స్పానర్ అందించాలి. పాత బండ్ల చెయ్యి తిరిగిన మిస్త్రీలు తగ్గిపోతున్నారు. వాళ్ల దగ్గర ఉన్న ఇల్మ్ వీడియోలో పూర్తిగా దొరకదు.

కస్టమ్ ఎంతవరకు?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలకు, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం యజమాని అలా మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

అంటే ఛాసిస్ కోసి పొట్టి చేయడం, వేరే బండి ఇంజిన్ పెట్టడం కుదరదు. అదే మోడల్ ఇంజిన్ మార్చాలన్నా ముందు అనుమతి తీసుకుని, కొత్త నంబరు ఆర్సీలో ఎక్కించాలి. ఆర్సీలో రంగు కూడా రాసి ఉంటుంది, కాబట్టి నల్ల బండిని ఎర్రగా చేస్తే ఆ మార్పూ రాయించుకోవాలి. సీటుకు కొత్త రెక్సిన్, మంచి గ్రిప్పులు, అద్దాలు, క్రోమ్ పాలిష్, ట్యాంక్ మీద పాత రోజుల గీతలు ఇవన్నీ శౌఖ్ తీర్చుకోవడానికి సరిపోతాయి.

ఇక సైలెన్సర్. ఆర్‌ఎక్స్ 100 తీసేవాళ్లలో కొందరికి ముందు గుర్తొచ్చేది దాని శబ్దమే. లోపలి జాలీ తీసేసి గల్లీలో తిప్పితే నిద్రపోయే పసిపిల్లలు, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లు పడే బాధ చెప్పనక్కర్లేదు. శబ్ద, వాయు కాలుష్య నిబంధనలు మీరితే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, మూడు నెలలు లైసెన్స్ రద్దు ఉంటాయి. తెలంగాణలో పలు పట్టణాల్లో పోలీసులు ఇలాంటి సైలెన్సర్లను రోడ్ రోలర్‌తో తొక్కించారు కూడా.

50 ఏళ్లు దాటిన బండిని అసలు రూపంలోనే ఉంచితే 2021 నిబంధనల కింద వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. దానికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. అయితే అలాంటి బండిని రోజూ తిప్పడానికి వీల్లేదు. పాత రాజ్‌దూత్, జావా, బుల్లెట్‌లకు ఇది పనికొస్తుంది. ఆర్‌ఎక్స్ 100కు మాత్రం 2035 దాకా ఆగాల్సిందే. పాత బండి ఛాసిస్‌నో ఇంజిన్‌నో మార్చేస్తే ఈ అవకాశం పోయినట్టే.

పిల్లలకు నేర్పండి, తాళం ఇవ్వకండి

పదో తరగతి పిల్లాడు సెలవుల్లో కార్బురేటర్ విప్పి కడగొచ్చు, చైన్ బిగించొచ్చు. ఫోన్ కంటే అది మంచి పనే. కానీ గేర్ బండి నడపడానికి 18 ఏళ్లు నిండాలి, లైసెన్స్ ఉండాలి. మైనర్ నడిపి పట్టుబడితే తల్లిదండ్రులకో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ కూడా ఏడాది రద్దవుతుంది. ఇన్సూరెన్స్ లేని బండితో ప్రమాదం జరిగితే ఎదుటివాళ్లకు ఇవ్వాల్సిన పరిహారం ఇంటి మీదే పడుతుంది. దాదా కష్టపడి కొన్న బండి వల్ల ఆయన కట్టిన ఇల్లు అమ్ముకునే పరిస్థితి రాకూడదు.

ఖర్చు విషయంలో ఒక మాట. పాత బండి బాగుచేయడం వ్యాపారం కాదు. సామాను, లేత్ పని, రంగు, కాగితాలు అని నాలుగు లెక్కలు వేర్వేరుగా రాసుకుంటే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. డబ్బు తక్కువైతే రంగు ఆపొచ్చు, బ్రేకులు ఆపకూడదు. గీతలు పడ్డ ట్యాంకుతో, సరైన కాగితాలతో, గట్టి బ్రేకులతో నడిచే బండి మీద దాదీని కూర్చోబెట్టుకుని శక్కర్‌నగర్ దాకా ధైర్యంగా వెళ్లి రావొచ్చు.