కోకా ఆకులోని పదార్థం పెన్నేరుగడ్డలో ఎందుకుంది?

అమీర్‌పేట, పంజాగుట్ట ఆయుర్వేద దుకాణాల్లో దొరికే అశ్వగంధ చూర్ణం, అంటే అనంతపురం వంటి మెట్ట ప్రాంతాల్లో పండే పెన్నేరుగడ్డ పొడి, దక్షిణ అమెరికా కోకా ఆకుతో ఒక చిన్న పదార్థాన్ని పంచుకుంటుంది. దాని పేరు కుస్కోహైగ్రిన్. మొక్కలు తయారుచేసే, నత్రజని కలిగిన క్షార పదార్థాలను ఆల్కలాయిడ్లు అంటారు; కుస్కోహైగ్రిన్ వాటిలో ఒకటి. 1889లో జర్మన్ రసాయనవేత్త కార్ల్ లీబర్‌మన్ కోకా ఆకు నుంచి దీన్ని వేరుచేశాడు. పేరులో పెరూ నగరం కుస్కో, గ్రీకులో 'తడి' అనే అర్థమున్న 'హైగ్రోస్' కలిశాయి, ఎందుకంటే ఇది నూనెలాంటి ద్రవం.

దగ్గరి బంధుత్వం లేని రెండు మొక్కల్లో ఇది ఎలా వచ్చింది? రెండూ ఆర్నిథిన్ అనే అమైనో ఆమ్లంతోనే మొదలుపెట్టి, నాలుగు కార్బన్లు, ఒక నత్రజని గల వలయాన్ని కట్టి, అలాంటి రెండు వలయాలను మూడు కార్బన్ల వంతెనతో కలుపుతాయి. అశ్వగంధ వంకాయ కుటుంబానిది, కోకా వేరే కుటుంబానిది. ఈ జాతి రసాయనాలలో ముఖ్యమైన ట్రోపేన్లు అనే ఆల్కలాయిడ్లను తయారుచేసే విద్యను ఈ రెండు కుటుంబాలూ విడివిడిగా నేర్చుకున్నాయని ఎంజైముల పరిశోధన తేల్చింది.

కోకా ఆకు నుంచి తీసి శుద్ధి చేసిన కొకైన్‌లో కుస్కోహైగ్రిన్ సాధారణంగా మిగలదు కనుక, వెంట్రుకల పరీక్షలో ఇది కనిపిస్తే ఆ వ్యక్తి కోకా ఆకు నమిలాడని అనుమానిస్తారు. అయితే అశ్వగంధ వాడినవారి విషయంలో ఆ ఊహ తడబడవచ్చు.