దుపట్టా కొంగుతో గిన్నె దించొద్దు.. పాత నూలు బట్టతో పాట్ హోల్డర్ కుట్టుకోండి

ఇఫ్తార్‌కు ఇంకా పది నిమిషాలే ఉంటుంది. ఒక పొయ్యి మీద పకోడీల నూనె కాగుతుంటుంది. ఇంకో పొయ్యి మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉంటాయి. మసిగుడ్డ ఎక్కడుందో కనిపించదు. చేతికి అందేది భుజం మీదున్న దుపట్టా కొంగు. దాన్నే రెండు మడతలు వేసి గిన్నె దించేస్తారు. చాలా ఇళ్లలో ఇది రోజూ జరిగేదే. ఏమీ కానంతకాలం ఎవరికీ తప్పనిపించదు.

అయితే కాలిన గాయాలను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. మన దేశంలో ఏటా 10 లక్షల మందికి పైగా ఓ మోస్తరుగా లేదా తీవ్రంగా కాలిన గాయాల పాలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వంటింట్లో జరిగే ప్రమాదాల్లో కొన్నింటినైనా ఆపే వస్తువు ఒకటుంది. దాని ఖర్చు దాదాపు సున్నా. పాత బట్టలతో బొంతలా కుట్టిన మందపాటి మసిగుడ్డ అది. దుకాణాల్లో దాన్నే పాట్ హోల్డర్ అంటారు.

దుపట్టా ఎందుకు పనికిరాదు?

ఇప్పటి దుపట్టాల్లో చాలావరకు జార్జెట్, షిఫాన్, నెట్ రకాలే. వీటిలో ఎక్కువ పాలియెస్టర్ లేదా నైలాన్ దారంతో నేసినవి. నూలు బట్ట బాగా వేడెక్కితే మాడుతుంది. పాలియెస్టర్ అలా కాదు, 250 డిగ్రీలు దాటితే కరుగుతుంది. కరిగింది చర్మానికి అంటుకుంటుంది. పైగా దుపట్టా ఒంటి మీదే ఉంటుంది. చేతిలోని గుడ్డకు మంట అంటుకుంటే విసిరేయొచ్చు. మెడ చుట్టూ ఉన్నదాన్ని విసిరేయడం అంత తేలిక కాదు. గిన్నె దించేటప్పుడు కొంగు రెండో చివర పక్క పొయ్యి మీద పడినా చూసుకునే తీరిక ఉండదు.

వేడిని ఆపేది గాలి

బొంత చలిని ఎలా ఆపుతుందో, పాట్ హోల్డర్ వేడిని కూడా అలాగే ఆపుతుంది. పొరల మధ్య, దూది పోగుల మధ్య చిక్కుకున్న గాలి వేడిని అంత త్వరగా దాటనివ్వదు. అందుకే గట్టిగా నేసిన ఒక్క మందపాటి బట్ట కంటే మెత్తటి నాలుగైదు పొరలు మేలు.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఉంది. గుడ్డను తడిపి పట్టుకుంటే చల్లగా ఉంటుందనుకుంటారు. నీళ్లు వేడిని కదలని గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా చేరవేస్తాయి. తడిగుడ్డ వేడి గిన్నెకు తగిలితే ఆ నీళ్లే ఆవిరై చేతిని కాలుస్తాయి. ఎంత బాగా కుట్టిన పాట్ హోల్డర్ అయినా తడిగా ఉంటే ముట్టుకోకూడదు.

ఏ బట్ట తీసుకోవాలి?

పాత నూలు లుంగీ, కాటన్ చీర, దుప్పటి, కుర్తా ఏదైనా పైపొరకు సరిపోతుంది. లోపలికి పాత టర్కీ తువ్వాలు చాలా మంచిది. దాని ఉంగరాల్లాంటి పోగుల్లో గాలి బాగా నిలుస్తుంది. చిరిగిన రజాయి దూదినీ వాడుకోవచ్చు. దుకాణంలో దొరికే తెల్లటి పాలియెస్టర్ ఫైబర్ మాత్రం వద్దు. అది దిండ్లకే పనికొస్తుంది. కొత్త బట్ట వాడితే ముందు ఒకసారి ఉతికి ఆరేయాలి. లేకపోతే కుట్టిన తర్వాత కుంచించుకుపోయి ముడతలు పడుతుంది.

టైలర్ దగ్గర తెచ్చిన ముక్క నూలో కాదో తెలియకపోతే చిన్న పరీక్ష ఉంది. నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, కింద స్టీలు పళ్లెం పెట్టి అంటించాలి. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగులుతుంది. పాలియెస్టర్ అయితే ముడుచుకుని, కరిగి, గట్టి పూసలా మిగులుతుంది. ఈ పరీక్ష పెద్దవాళ్లే చేయాలి.

కుట్టే పద్ధతి

1. పైకీ కిందకీ రెండు నూలు ముక్కలు, మధ్యకు మూడు తువ్వాలు ముక్కలు తీసుకోవాలి. అన్నీ 9 అంగుళాల చదరంగా కత్తిరించాలి. కుట్టేటప్పుడు పొరలు కాస్త జరుగుతాయి కాబట్టి చివర్లో 8 అంగుళాలకు సరిచేసుకోవచ్చు.

2. పొరలన్నీ ఒకదానిపై ఒకటి పరిచి చేత్తో సాఫు చేయాలి. మధ్య నుంచి నాలుగు మూలలకు పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేయాలి. ఈ పని వదిలేస్తే లోపలి తువ్వాలు ఉండ చుట్టుకుంటుంది.

3. మధ్యలో మొదలుపెట్టి అంచుల వైపు వెళ్తూ, అంగుళం లేదా అంగుళంన్నర దూరంలో గీతలుగా కుట్టాలి. తర్వాత అడ్డంగా కూడా అలాగే వేస్తే గళ్లు వస్తాయి. గీతలు మరీ దగ్గరగా వేయొద్దు. పొరలు అణిగిపోతే గాలికి చోటుండదు, వేడి చేతికి తెలుస్తుంది.

4. మిషన్ మీద అయితే 16వ నంబర్ సూది పెట్టి, కుట్టు పొడవు పెంచుకోవాలి. చేత్తో అయితే లావు సూది, నూలు దారం, వేలికి అంగుస్తానా ఉంటే చాలు. బొంత కుట్టు వచ్చినవాళ్లకు వేరే నేర్పాల్సింది ఏమీ లేదు.

5. కచ్చా కుట్లు తీసేసి 8 అంగుళాలకు కత్తిరించాలి. మూలల దగ్గర టీ కప్పు బోర్లించి గుండ్రంగా గీసి కోస్తే అంచు పట్టీ తేలిగ్గా తిరుగుతుంది.

6. రెండున్నర అంగుళాల వెడల్పు క్రాస్ పట్టీ తీసుకోవాలి. పొడవు గజం మీద మరో 7, 8 అంగుళాలు ఉండాలి. ఒక మూల నుంచి చుట్టూ కుట్టి, వెనక్కి మడిచి మళ్లీ కుట్టాలి. మిగిలిన చివరను మడిచి కుట్టి, తగిలించడానికి ఉంగరంలా చేయాలి.

పట్టీ వేయడం కష్టమనిపిస్తే ఇంకో దారి ఉంది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే సిద్దీ మహిళలు పాత బట్టలతో కవంది అనే బొంతలు కుడతారు. వాళ్లు అంచు నుంచి మొదలుపెట్టి, బట్టను లోపలికి మడుస్తూ మధ్యకు వస్తారు. వేరే పట్టీ అక్కర్లేదు. ఇంట్లోనూ అలా చేయొచ్చు.

కుట్టిన వెంటనే వాడకుండా ఒకసారి చూసుకోవాలి. మరిగిన నీళ్ల గిన్నెను స్టవ్ ఆపి, ఎత్తకుండా, అక్కడే పాట్ హోల్డర్‌తో పదికి లెక్కపెట్టేవరకు పట్టుకోవాలి. వేడి చురుక్కుమంటే మరో పొర కలిపి కుట్టాలి.

బిర్యానీ డేక్సాకు పొడవుది

దమ్ పెట్టిన డేక్సా దించడానికి చిన్న ముక్కలు చాలవు. 30 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పుతో ఒక పట్టీలా కుట్టి, రెండు చివర్లలో 8 అంగుళాల జేబులు పెట్టాలి. జేబులకూ లోపల తువ్వాలు పొరలు ఉండాలి. రెండు చేతులూ జేబుల్లో పెట్టి డేక్సా పట్టుకోవచ్చు. ముందు స్టవ్ ఆపాకే చేయి పెట్టాలి, లేదంటే మధ్య భాగం మంట మీదకు వేలాడుతుంది. పెద్ద డేక్సా అయితే ఇద్దరు ఎత్తాల్సిందే. మూత తీసేటప్పుడు ముందు అవతలి అంచు లేపితే ఆవిరి ముఖం మీదకు రాదు.

ఉతకడం, మార్చడం

నూనె పీల్చిన గుడ్డకు మంట త్వరగా అంటుకుంటుంది. అందుకే వారానికోసారైనా వేడినీళ్లు, సబ్బుతో ఉతికి ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. మందపాటిది కాబట్టి పైన ఆరినా లోపల తడి ఉండొచ్చు. నాలుగు కుట్టుకుంటే రెండు వాడకంలో, రెండు ఉతుకులో ఉంటాయి. మాడి నల్లబడినా, చిల్లు పడినా, పలచబడినా నేల తుడవడానికి వేసేయాలి.

అయినా చేయి కాలితే

వెంటనే కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచాలి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయాలి. ఐస్, టూత్‌పేస్ట్, పసుపు, సిరా లాంటివి పూయొద్దు. బొబ్బలు చిదపొద్దు. కరిగిన బట్ట చర్మానికి అంటుకుంటే లాగొద్దు. గాయం అరచేతి కంటే పెద్దదైనా, ముఖం మీదైనా, చిన్నపిల్లలకైనా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అవసరమైతే 108కి ఫోన్ చేయాలి. బట్టలకు మంట అంటుకుంటే పరుగెత్తకుండా నేల మీద పడుకుని దొర్లాలి.

ఇక చివరి మాట. పాట్ హోల్డర్ సొరుగులో ఉంటే హడావుడిలో చేయి మళ్లీ దుపట్టా మీదకే పోతుంది. పొయ్యికి పైన కాకుండా పక్కన, చేయి చాపితే అందేలా ఒక మేకు కొట్టి దానికి తగిలించాలి. వంట మొదలుపెట్టే ముందు దుపట్టా కొంగులు వెనక్కి ముడి వేసుకోవాలి. ఇంట్లో కుట్టు నేర్చుకుంటున్న ఆడపిల్లలకు, మగపిల్లలకు కూడా ఇది మంచి మొదటి పని. ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది, మరుసటి సహరీ నుంచే అమ్మీకి పనికొస్తుంది.