రైతు సంఘమునకు ఆఫీసు గది - తక్కువ ఖర్చుతో అమర్చుకొను విధము

నాలుగైదు గ్రామముల రైతులు కూడి ఉత్పత్తిదారుల కంపెనీగా రిజిస్టరు చేసికొన్న వెంటనే ఆఫీసు ఎక్కడ పెట్టవలెనను ప్రశ్న వచ్చును. విత్తనములు, ఎరువులు, పంట అమ్మకము మొదలగు వానిని గురించి చర్చ ఎంతయో జరుగును గాని ఆఫీసు గదిని గురించి ఆలోచించువారు తక్కువ. దొరికిన గదిని అద్దెకు తీసికొని, పట్నము వెళ్ళి ఒక పెద్ద బల్ల, ఒక తిరుగుడు కుర్చీ కొని తెచ్చెదరు. అంతటితో చేతిలోని సొమ్ము అయిపోవును. వాటాదారుల దరఖాస్తులు అట్టపెట్టెలోను, రసీదు పుస్తకములు కిటికీ గట్టుపైనను ఉండును. పని మీద వచ్చిన రైతు గుమ్మము వద్ద నిలుచుండి మాట్లాడి పోవును.

సంఘములోని వాటా ధనము రైతులు చెమటోడ్చి సంపాదించి ఇచ్చినది. దానికి సాక్ష్యము కాగితమే. ఆ కాగితమును చెదలు తిన్ననాడు ఎవరు ఎంత ఇచ్చినదీ తేల్చుట తగవు క్రిందికి వచ్చును. ఒకసారి తగవు పుట్టిన సంఘములో మరల వాటా కట్టుటకు ఎవరును ముందుకు రారు. కనుక ఆఫీసుకై పెట్టు సొమ్ము మొదట కాగితమును కాపాడుటకును, తరువాత వచ్చిన రైతును కూర్చుండబెట్టుటకును ఖర్చు కావలెను. అధ్యక్షుని బల్ల ఆ తరువాతి సంగతి.

చేతిలో ఉండు సొమ్ము

కేంద్ర ప్రభుత్వము 2020లో ప్రారంభించిన 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘముల పథకములో ఒక్కొక్క సంఘమునకు మూడేండ్లలో 18 లక్షల రూపాయల వరకు సహాయము ఏర్పాటు చేసినారు. దానిలో హెచ్చు భాగము కార్యనిర్వహణాధికారి, అకౌంటెంటు జీతములకే పోవును. ఆఫీసు అద్దెకు ఏటికి 48,000 రూపాయలు, అనగా నెలకు 4,000. కరెంటు, టెలిఫోను ఖర్చులకు ఏటికి 12,000. బల్లలు, కుర్చీలతో సహా చిన్న సామానులకు అన్నిటికి కలిపి ఒకేసారి 20,000 రూపాయలు మించరాదని మార్గదర్శకములలో ఉన్నది. ఈ పథకము క్రిందికి రాని సంఘములు కూడ ఈ 20,000ను కొలబద్దగా పెట్టుకొనుట మంచిది. ఈ సొమ్ములో కంప్యూటరు కూడ ఇముడునని అనుకొనరాదు. దానికి సంఘము తన మూలధనము నుండి వేరుగా కేటాయించుకొనవలసి యుండును.

గది ఎంపిక

అద్దె తక్కువ అని ఊరి చివర గదిని తీసికొనరాదు. రైతు సంతకు, బ్యాంకుకు, పాల కేంద్రమునకు పోవు దారిలో ఆఫీసు ఉన్నచో పని లేకున్నను ఒకసారి తొంగిచూచి పోవును. సంఘమునకు అది మేలు. బండి గాని ట్రాక్టరు గాని ముందు ఆగుటకు చోటు ఉండవలెను.

గది 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు ఉన్నచో చాలును. దానికి ఆనుకొని సరుకు పెట్టుటకు విడిగా మరియొక గది అవసరము. అద్దె పత్రము వ్రాసికొనుటకు ముందు, వీలైన యెడల ఒక మంచి వాన కురిసిన మరునాడు పోయి గోడలు చూడవలెను. చెమ్మ ఎక్కడి వరకు ఎక్కినదీ, కప్పు ఎక్కడ కారుచున్నదీ ఆనాడు తెలిసినట్లు వేరొకనాడు తెలియదు. గోడ మొదట మట్టి గొట్టములు కనిపించినచో చెదలున్నట్లే.

గుమ్మమునకు మెట్లు ఉండుట సహజము. కాని వాటాదారులలో ముసలివారు, కాళ్ళు నొప్పులవారు ఉందురు. ప్రక్కగా వాలుబాట కట్టించినచో అడుగు ఎత్తునకు 12 అడుగుల పొడవు ఉండవలెను. అంతకంటె నిటారుగా కట్టిన వాలు పేరునకే గాని ఎక్కుటకు పనికిరాదు.

బీరువా

20,000లో సగము వరకు దీనికి పోయినను చింత లేదు. ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు గల ఇనుప బీరువా ఒకటి, లోపల తాళము వేయు చిన్న అర గలది కొనవలెను. పాతది కొనుటలో తప్పు లేదు. అయితే పాత బీరువాను చూచునపుడు రంగును చూడరాదు, అడుగు రేకును చూడవలెను. బొటనవ్రేలితో గట్టిగా నొక్కినపుడు సొట్ట పడినను, త్రుప్పు పొడి రాలినను వదలివేయవలెను. తలుపులు రెండును ఎత్తి పట్టుకొనకుండ మూతపడవలెను. తాళమును మాత్రము కొత్తది వేయించుకొనుట తప్పనిసరి. పాత తాళపు చెవులు ఎందరి వద్ద ఉన్నవో ఎవరు చెప్పగలరు?

బీరువాను వానజల్లు తగులు గోడకు గాని, స్నానాల గది గోడకు గాని చేర్చి పెట్టరాదు. గోడకు జానెడు ఎడముగా, నాలుగు ఇటుకలపై ఎత్తుగా నిలిపినచో క్రిందను, వెనుకను చీపురు ఆడును; చెదల దారి పడినపుడు వెంటనే కంటబడును. ఎరువుల గదిలో పెట్టుట అసలే కూడదు. యూరియా వంటి ఎరువులు గాలిలోని తేమను పీల్చుకొనును, ఆ తేమ, ఆ పొడి కలిసి ఇనుమును త్వరగా తినివేయును. కంప్యూటరుకు కూడ ఇదే హెచ్చరిక.

పై అరలో వాటాదారుల రిజిస్టరు, సమావేశముల తీర్మానముల పుస్తకము, రిజిస్ట్రేషను పత్రములు. నడుమ అరలలో ఆ ఏటి లెక్కలు. క్రింద పాత లెక్కలు. 2013 కంపెనీల చట్టము ప్రకారము లెక్కల పుస్తకములను కనీసము 8 ఆర్థిక సంవత్సరములు భద్రపరచవలెను. అందుచేత ఏటికి ఒక అట్ట ఫైలు చొప్పున, వీపున సంవత్సరము పెద్ద అంకెలతో వ్రాసి, మొదటి ఏడు నుండియే చోటు విడిచి పెట్టుకొనవలెను. ముఖ్యమైన పత్రములకు ఫోనుతో నకళ్ళు తీసి, వేరొక ఇంట ఒక పెన్ డ్రైవులో ఉంచుట ఖర్చు లేని జాగ్రత్త.

బీరువా తాళపు చెవులు రెండు. ఒకటి అకౌంటెంటు వద్ద, రెండవది ముద్ర వేసిన కవరులో ఒక డైరెక్టరు వద్ద ఉండవలెను. రెండును ఒకే గుత్తికి తగిలించి గోడ మేకుకు వేలాడదీయుట కొన్నిచోట్ల చూచినాము. అటువంటి చోట బీరువా ఎందుకు కొన్నట్లు?

నాపరాయి, ఫ్లష్ డోరు

బీరువాలో పట్టని ఫారములు, కరపత్రములు, నమూనాల సీసాలు మొదలగు వానికి అరలు కావలెను. బేతంచెర్ల, తాండూరు ప్రాంతముల నాపరాయి మనకు అందుబాటులో ఉన్నది. దానికి చెదలు లేదు, త్రుప్పు లేదు, తడిగుడ్డతో తుడిచిన శుభ్రపడును. అడుగున్నర లోతు పలకలను ఇటుక గోడలపై నిలిపినచో అరలు తయారగును. రాయి బరువునకు వంగదు, విరుగును; కనుక మూడడుగులకు ఒక ఆధారము చొప్పున తప్పక ఉండవలెను. అద్దె గదిలో ఇటుకలను సిమెంటుతో కాక మట్టితో పేర్చినచో గది మారునపుడు రాళ్ళు, ఇటుకలు రెండును మన వెంట వచ్చును.

ఇదే పద్ధతిని గోడ వెంబడి రైతులు కూర్చుండుటకు పొడవైన అరుగు కూడ కట్టవచ్చును. కూర్చుండు ఎత్తు 17, 18 అంగుళములు. ఒక ప్రక్క స్త్రీలు కూర్చుండుటకు విడిగా చోటు ఉన్నచో వాటాదారులైన అక్కచెల్లెండ్రు భర్తలను పంపక తామే వచ్చెదరు.

బల్లకు షోరూముకు పోనక్కరలేదు. ఏడడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు గల ఫ్లష్ డోరు ఒకటి తెచ్చి, ఊరి వెల్డింగు షాపులో ఇనుప కోణపు కమ్మీలతో రెండు కాళ్ళ స్టాండ్లు చేయించి వానిపై బిగించిన యెడల ఇద్దరు పనిచేయు బల్ల యగును. బల్లపై ముఖము నేల నుండి 30 అంగుళములు మించరాదు. స్టాండ్లను రెండు చివరలకు కాక అడుగు లోపలికి పెట్టవలెను; అప్పుడు నడుమ క్రుంగదు. కుడిచేతితో వ్రాయువానికి వెలుతురు ఎడమ ప్రక్క కిటికీ నుండి పడవలెను. గుమ్మములో అడుగు పెట్టిన రైతుకు అకౌంటెంటు ముఖము కనపడునట్లు బల్ల వేయవలెనే గాని వీపు కనపడునట్లు కాదు.

కుర్చీలు ప్లాస్టికువి చాలును. అకౌంటెంటుకు మాత్రము వీపునకు ఆనుడు గల గట్టి కుర్చీ ఇప్పించవలెను. రోజంతయు కూర్చుండువాడు అతడే.

గాలి, కరెంటు

సాధారణ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసికొనును. కొత్త రకమైన బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్లకు అటు ఇటుగా చాలును. రోజుకు 8 గంటల చొప్పున రెండు ఫ్యానులు నెలకు 25 దినములు తిరిగినచో మొదటి రకమునకు 30 యూనిట్లు, రెండవ దానికి 12 యూనిట్లు అగును. వెల కొంత హెచ్చయినను ఏటికి 12,000 రూపాయలలో కరెంటు, ఫోను గడపవలసిన సంఘమునకు ఇది ఆలోచింపదగినది. శ్లాబు ఇల్లయినచో ఎండలు ముదరక ముందే మేడపైన తెల్లసున్నము కొట్టించవలెను.

కంప్యూటరు కొనునపుడు బల్లమీది దానికంటె ల్యాప్‌టాప్ మేలు. కరెంటు పోయినను బ్యాటరీతో కొంతసేపు నడచును గనుక దానికై ఇన్వర్టరు కొననక్కరలేదు. రాత్రి బీరువాలో పెట్టి తాళము వేయవచ్చును. లెక్కలలో కంప్యూటరు ఆయుష్షు మూడేండ్లు, బల్లలు, కుర్చీలది పదేండ్లుగా చట్టము పరిగణించుచున్నది. కనుక మూడేండ్లకు మరల కొనుటకు ఏటేటా కొంత తీసి ఉంచవలెను.

సరుకుల గది

పురుగు మందులను ఇతర సరుకులతో, ముఖ్యముగా తినుబండారములతో, కలిపి ఉంచరాదు. వానికి విడిగా, తాళము గల గది ఉండవలెనని నియమము. కాగితములున్న చోట, మనుషులు కూర్చుండు చోట ఒక్క సీసా కూడ ఉంచరాదు. ఎరువులు అమ్ము సంఘము నిల్వలను, ధరలను రైతులకు కనబడునట్లు బోర్డుపై వ్రాయవలెను. తూకపు కాటాను గుమ్మము ఎదుట, అంకెలు రైతు వైపు తిరిగి యుండునట్లు పెట్టవలెను. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటేటా ముద్ర వేయించుకొనవలెను.

బోర్డు, సామానుల పట్టిక

కంపెనీ పేరు, రిజిస్టర్డు ఆఫీసు చిరునామా బయట అందరికి కనబడునట్లు, స్థానిక భాషా లిపిలో కూడ ఉండవలెనని చట్టము చెప్పుచున్నది. ఫ్లెక్సీ రెండు వేసవులకు వెలిసిపోవును. ఊరి పెయింటరు చేత గోడపై వ్రాయించినచో చాలకాలము నిలుచును.

వస్తువు ఏది కొన్నను ముందు తీర్మానము, మూడు షాపుల ధరల పట్టీ, తరువాత బిల్లు ఉండవలెను. ఇంటికి వచ్చిన ప్రతి వస్తువునకు అడుగున రంగుతో సంఘము పేరు, వరుస సంఖ్య వేసి, కొన్న తేది, వెల ఒక రిజిస్టరులో ఎక్కించవలెను. పెండ్లిండ్ల కాలములో కుర్చీలు అరువుపోవుట పల్లెలలో మామూలే. ఏ సంఖ్య కుర్చీ ఎవరి ఇంటికి పోయినదో, ఏనాడు తిరిగి వచ్చినదో ఆ రిజిస్టరు చివరి పుటలలోనే వ్రాసికొనవచ్చును.