తెర మీది జడ
సిద్ధేంద్రయోగి భామాకలాపంలో సత్యభామ మొహం కంటే ముందు తెర మీదికి జడ వస్తుంది. అంత గర్వం ఆమెకి! ఒకప్పుడు ఆ వేషం మగవాళ్లే కట్టేవారు. వేదాంతం సత్యనారాయణశర్మ గారి సత్యభామ ఎంత ప్రసిద్ధమో మీకు తెలిసిందే.

నేనేమో 1992లో, పన్నెండేళ్లప్పుడు, న్యూజెర్సీలో స్కూలు బస్సెక్కగానే అమ్మ కొబ్బరినూనె రాసి వేసిన జడ విప్పేసేదాన్ని. శనివారం కూచిపూడి క్లాసుకి మళ్లీ అదే జడ కావాలి.

2018లో ఈ రెండు జడల కథనే గంటసేపు నృత్యరూపకం చేద్దామనుకున్నాను. తెలుగువాళ్లలో పెద్దల్ని సాయమడిగితే, "దశావతారాలు చెయ్యమ్మా, ఇవన్నీ ఎవరు చూస్తారు?" అన్నారు. సరే, దాచుకున్న డబ్బుతో ఓ స్కూలు ఆడిటోరియం అద్దెకి తీసుకున్నా. లైట్లు తమ్ముడు, టిక్కెట్లు మావారు. పాట, మృదంగం రికార్డు చేయించుకున్నాం. వాద్యబృందాన్ని పెట్టుకునే స్తోమత లేదు మరి.

చిక్కల్లా ఒక్క సన్నివేశంతోనే. చీర కట్టుకుని స్కూలుకొచ్చిన అమ్మని చూపించి "ఎవరు?" అని స్నేహితురాలడిగితే, "తెలీదు" అన్నాను ఒకసారి. అది పెట్టాలా, వద్దా? అమ్మకి ముందుగా చెప్పే ధైర్యం చాల్లేదు. మాధవి ఎంతడిగినా భర్త పేరు చెప్పడానికి సత్యభామ సిగ్గుపడుతుంది చూడండి, ఆ అభినయాన్నే ఇక్కడ వాడుకున్నా. ఆవిడ సిగ్గు ముద్దుగా ఉంటుంది. నాది ఉండదు.

ప్రదర్శన అయ్యాక అమ్మ గ్రీన్‌రూములోకొచ్చింది. చాలాసేపు ఏమీ అనలేదు. నా సవరం విప్పుతూ, "ఆ రోజు నాకు వినబడిందిలేవే" అంది.