బ్రౌజరు అడుగుట, సర్వరు బదులు చెప్పుట

మన సంఘ సభ్యులలో పలువురు ఇప్పుడు అడంగలు, 1బి నకళ్లను చేతిలోని ఫోనులోనే చూచుకొనుచున్నారు. అయితే ఆ కాగితము ఎచ్చటనుండి, ఏ మార్గమున వచ్చినదని యడిగినచో చెప్పగలవారు కొలదిమందియే. తెలియకున్నను పని జరుగును గదా యని కొందఱనవచ్చును. జరుగును. కాని మోసగాడు ఈ మార్గమును చక్కగా నెఱిగియున్నాడు. ఎఱుగని రైతు నష్టపడుచున్నాడు. కావున నీ సంగతిని మా శక్తికొలది వివరింపబూనితిమి.

ఫోనులో మనము తెఱచు క్రోము, ఫైర్‌ఫాక్సు మొదలగువానికి బ్రౌజర్లని పేరు. బ్రౌజరు మన తరపున అడుగునది. సర్వరు అనునది ఎచ్చటనో యొక కట్టడములో రాత్రింబవళ్లు మేలుకొనియుండి, అడిగినవారికి బదులిచ్చు కంప్యూటరు. ఈ రెంటి నడుమ నడచు సంభాషణమునకొక కట్టుబాటు గలదు, దానినే హెచ్.టి.టి.పి. అందురు. జెనీవా నగరము చెంతనున్న సెర్న్ అను పరిశోధనాలయమున పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు 1989లో ఈ వెబ్ ఏర్పాటునకు మొదటి ప్రతిపాదనను వ్రాసి, 1990 చివరకు మొదటి సర్వరును, మొదటి బ్రౌజరును తయారుచేసెను. 1993 ఏప్రిల్ 30వ తేదీన ఆ సంస్థవారు దానిని ఏ రుసుమును లేక లోకమునకు విడిచిపెట్టిరి. సహకారమును గూర్చి ఉపన్యసించువారికి ఇంతకంటె మంచి దృష్టాంతము దొరకుట యరుదని మా తలంపు. మన దేశమున సామాన్యజనులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న అందుబాటులోనికి వచ్చినది.

ఇక అడుగుట యెట్లో చూతము. సర్వర్లను యంత్రములు గుర్తించునది అంకెలచేత; మనుష్యులు జ్ఞాపకముంచుకొనునది పేర్లచేత. పేరునకు అంకెను చెప్పు పద్ధతిని 1983లో పాల్ మొకపెట్రిస్ అను నతడు ఏర్పఱచెను. మనము మీభూమి.ఏపీ.గవ్.ఇన్ అని వ్రాసినామనుకొందము. బ్రౌజరు తరపున విచారించు యంత్రము ఆ పేరును కుడివైపునుండి చదువును. ‘ఇన్’ అనగా భారతదేశము, అందులో ‘గవ్’, అనగా ప్రభుత్వము, అందులో ‘ఏపీ’, అనగా ఆంధ్రప్రదేశ్, అందులో ‘మీభూమి’. ఎఱుగని ఊరిలో బంధువుల యిల్లు వెదకువాడు ముందు జిల్లాను, పిమ్మట మండలమును, పిమ్మట గ్రామమును, తుదకు గడపను విచారించునట్లే యిది. ఒక్కొక్క మెట్టుననున్న యంత్రము తరువాతి మెట్టు నెవరినడుగవలెనో చెప్పును. తుది మెట్టునందు సర్వరుయొక్క అంకె లభించును.

చదువరులు ఇచ్చట కొంచెము నిలువవలెను. పేరునకు యజమాని యెవరో తెలియునది కుడివైపు కొసనే గాని యెడమవైపు మొదటనే గాదు. మీభూమి.ఏపీ.గవ్ అని మొదలుపెట్టి, చివరకు మఱియేదో పేరు.కామ్ అని ముగిసినచో, ఆ గడప ప్రభుత్వమువారిది కాదు. ఆ చివరి పేరును కొన్నవానిది. ఎడమవైపున ఏ మాటలనైనను తగిలించుకొను స్వేచ్ఛ వానికి గలదు. గవ్.ఇన్ అను కొసను ప్రభుత్వ కార్యాలయములకు మాత్రమే యిత్తురు. ఏటవాలు గీత వచ్చినచో మొదటి గీతకు ముందున్న పేరునే, అనగా హెచ్.టి.టి.పి.ఎస్. తరువాతి జంట గీతలను విడిచి, పరీక్షింపవలెను. ఎఱువుల సబ్సిడీ యని, బీమా సొమ్మని ఫోనునకు వచ్చు లంకెలను నొక్కుటకు ముందు ఈ యొక్క పరీక్ష చేసినచో పెక్కు మోసములు అచ్చటనే బయటపడును.

అంకె తెలిసిన పిదప బ్రౌజరు సర్వరుతో పలుకరింపు జరిపి, తన కోరికను పంపును. రాకపోకలన్నియు చిన్నచిన్న పొట్లములుగా సాగును. ఒక్కొక్కటి సామాన్యముగా 1500 బైట్లకు మించదు. ధాన్యపు బస్తాలకు వరుస అంకెలు వేసి వేర్వేఱు బండ్లపై తోలినట్లు ఇవి వేర్వేఱు దారుల రావచ్చును. చేరినచోట అంకెలనుబట్టి వరుసలో పేర్తురు. నడుమ నొకటి తప్పిపోయినచో దానిని మాత్రము మరల పంపుదురు. సిగ్నలు బలహీనమైనప్పుడు పుట ఆలస్యముగ తెఱచుకొనుటకు ఈ తప్పిపోవుటయు, మరల పంపుటయు ముఖ్యకారణములు.

సర్వరు ప్రతి బదులునకు ముందొక అంకె వేయును. 200 అనగా కోరినది దొరకినది. 404 అనగా ఆ పేరుగల పుట తనయొద్ద లేదని. 503 అనగా ప్రస్తుతము బదులియ్యజాలనని. ఒకేమాఱు పెక్కుమంది పైబడినప్పుడు ఇది కనబడుచుండును. అది మన ఫోనులోని లోపము కాదు గనుక ఫోనును నిందించి ప్రయోజనము లేదు. రద్దీ తగ్గిన వేళ చూచుట మేలు.

కోరికలలో భేదము గలదు. ‘గెట్’ అనునది చూపుమనుట. దానిని పదిసార్లడిగినను నష్టములేదు. ‘పోస్ట్’ అనునది దరఖాస్తునో, చెల్లింపునో పుచ్చుకొమ్మనుట. బదులు రాలేదని రెండవసారి నొక్కినచో, మొదటిది చేరియే యుండి, రెండు దరఖాస్తులు గాని రెండు చెల్లింపులు గాని కావచ్చును. కావున సొమ్ము చెల్లించి తెర నిలిచిపోయినపుడు, ముందు బ్యాంకు లెక్క చూచి, పిమ్మటనే మరల నొక్కవలెను.

హెచ్.టి.టి.పి.ఎస్. అని యున్నచోట రాకపోకలు గూఢలిపిలో సాగును, దారిలోనివారు చదువజాలరు. దీనికి గుర్తుగా తాళము బొమ్మను చూపుట వాడుక. అయితే జనులు తాళమును చూచి ఆ స్థలమే నమ్మదగినదని పొరబడుచుండిరి గనుక, 2023లో క్రోమువారు ఆ బొమ్మను తొలగించి వేఱొక గుర్తునుంచిరి. తాళము చెప్పునది, మీరు వ్రాసిన పేరుగల సర్వరుతోనే మాటలాడుచున్నారనియు, మాటలు బయటికి పొక్కవనియు మాత్రమే. ఆ పేరు దొంగదైనచో దొంగతోనే గుట్టుగా మాటలాడినట్లగును.

కట్టకడపట నింకొకటి. ఈ కట్టుబాటునందు సర్వరునకు జ్ఞాపకముండదు; ప్రతి కోరికయు దానికి క్రొత్తదే. అందుచే ఒకసారి రహస్యపదము చెప్పి లోనికి వచ్చినవారికి అది కుకీ అను నొక చీటీనిచ్చును. బ్రౌజరు ఆ చీటీని దాచి, ప్రతిమాఱు చూపుచుండును. ఇతరుల కంప్యూటరుపై పని చూచుకొన్నవారు లాగౌట్ చేయక లేచి వచ్చినచో ఆ చీటీ అచ్చటనే చెల్లుబడిలో నుండిపోవును; తరువాత కూర్చున్నవాడు దానితో మీ పేరననే లోనికి పోగలడు. లాగౌట్ నొక్కినచో ఆ చీటీ రద్దగును.